పదమూడు అక్షరాల సంవత్సరం: రోమన్ అంకెల వింతలు విశేషాలు

ఆదివారం సాయంత్రాలు మన్సూరాబాద్‌లోని మా వరండాలో ఐదారుగురు పిల్లలు లెక్కలు చేసుకుంటారు. అందరూ మా వీధివాళ్లే, ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి లోపువాళ్లు. ఆ రోజు రోమన్ అంకెల పాఠం నడుస్తోంది. ఒక పిల్లాడు నోటుబుక్కులోంచి తలెత్తి గోడ గడియారాన్ని కాసేపు చూసి, "సార్, మీ గడియారం తప్పు" అన్నాడు. "నాలుగు దగ్గర నాలుగు గీతలు ఉన్నాయి. ఐ పక్కన వి కదా ఉండాలి?"

వాడు చెప్పింది పుస్తకం ప్రకారం నూటికి నూరుపాళ్లు నిజం. గడియారమూ తప్పు కాదు. ఈ రెండూ ఎలా కుదురుతాయో చెప్పబోతే ఆ సాయంత్రమంతా దానికే సరిపోయింది. పిల్లలకు చెప్పినవీ, వాళ్లు అడిగితే నేను వెతికి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మా వరండాలో పిల్లలు పైకి చదివినట్టే నేను అక్షరాల పేర్లు చెబుతూ పోతాను, మీరు ఇంగ్లిషు పెద్దబడి అక్షరాల్లో వేసుకుంటూ రండి. రోమన్ అంకెలు కంటితో చదివితే రావు, చేత్తో వేస్తేనే వస్తాయి.

అక్షరాలు ఏడే. ఐ అంటే 1, వి 5, ఎక్స్ 10, ఎల్ 50, సి 100, డి 500, ఎం 1000. పెద్దదాని తర్వాత చిన్నది వస్తే కూడాలి, ముందు వస్తే తీసేయాలి. ఒకే అక్షరం వరుసగా మూడుసార్లకు మించి రాకూడదు. వి, ఎల్, డి రెండోసారి రానే రావు. ఇంతవరకు పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తారు. దాదాపు అందరూ పడిపోయే గుంట 49 దగ్గర ఉంది. 50లోంచి ఒకటి తీస్తే 49 కాబట్టి ఐ-ఎల్ అని రాసేస్తారు. 99ని ఐ-సి అంటారు. అలా కుదరదు. ఐ అనేది వి, ఎక్స్‌ల ముందు మాత్రమే నిలబడగలదు. ఎక్స్ అయితే ఎల్, సిల ముందు, సి అయితే డి, ఎంల ముందు. ఎవరైనా తన పైనున్న రెండు మెట్లవరకే అందుకోగలరు. అందుకే 49ని నలభై, తొమ్మిది అని విడదీసి ఎక్స్-ఎల్-ఐ-ఎక్స్ అని రాయాలి. 99 అంటే ఎక్స్-సి-ఐ-ఎక్స్. ఈ ఒక్క సంగతి చేతికి వస్తే మిగతాదంతా ఆటే.

గడియారంలో నాలుగు గీతలు

పాలవాడి లెక్క గోడ మీద సుద్దతో గీసే రోజులు గుర్తున్నాయా? రోజుకొక గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. నాలుగు అంటే నాలుగు గీతలు వేయడం మనిషి చేతికి సహజంగా వచ్చే పద్ధతి, రోమన్లదీ అదే పద్ధతి. తీసివేత పద్ధతి వాళ్లకు తెలుసు కానీ తప్పనిసరి కాదు. రోమ్ నగరంలోని కొలోసియంలో జనం లోపలికి వెళ్లే తోరణాల మీద చెక్కిన సంఖ్యలు కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి. 54వ ద్వారం మీద ఎల్ పక్కన నాలుగు ఐలు ఉన్నాయి. 44వ ద్వారం మీద ఇంకా వింత. ఎక్స్-ఎల్ అని నలభైని తీసివేతలో రాసి, దాని పక్కనే నాలుగుకు మాత్రం నాలుగు గీతలు పెట్టారు. ఒకే సంఖ్యలో రెండు పద్ధతులు! మా పిల్లాడు ఆ రాత రాస్తే పరీక్షలో మార్కు పోతుంది.

గడియారాలు చేసేవాళ్లు ఆ పాత అలవాటునే నిలుపుకున్నారు. దానివల్ల అందం కూడా వచ్చింది. మొదటి నాలుగు గంటల్లో ఐ తప్ప మరో అక్షరం ఉండదు. తర్వాతి నాలుగింటిలో వి కనిపిస్తుంది, చివరి నాలుగింటిలో ఎక్స్. మొత్తం అక్షరాలు లెక్కపెట్టమని పిల్లలకు చెప్పాను. ఇరవై ఐలు, నాలుగు విలు, నాలుగు ఎక్స్‌లు తేలాయి. అంటే ఐదు ఐలు, ఒక వి, ఒక ఎక్స్ ఉన్న అచ్చు ఒకటి చేసి నాలుగుసార్లు పోత పోస్తే ఒక గడియారానికి సరిపడా అక్షరాలు వచ్చేస్తాయి. అదే నాలుగును ఐ-విగా రాస్తే పదిహేడు ఐలు, ఐదు విలు, నాలుగు ఎక్స్‌లు కావాలి. ఏ అచ్చుకూ సరిగా కుదరదు. లండన్‌లోని బిగ్ బెన్ మాత్రం ఐ-వి పక్షం. అంత పేరున్న గడియారం గుంపులోంచి విడిగా నిలబడింది.

జంట నగరాల్లో పాత గడియార స్తంభాలకు కొదవ లేదు. సుల్తాన్ బజార్‌లో 1865 నాటిది, మహబూబ్ చౌక్‌లో 1892 నాటిది, సికింద్రాబాద్‌లో 1897 నాటిది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్ ఎంతో దూరం కాదు. పిల్లల్ని తీసుకెళ్లి కింద నిలబెట్టి, ఆ సంవత్సరాన్ని రోమన్ అంకెల్లో రాయించండి. 1865కి ఎనిమిది అక్షరాలు, 1892కి తొమ్మిది, 1897కి పది. మెట్లెక్కినట్టు ఒక్కొక్కటీ పెరుగుతాయి.

అన్నిటికంటే పొడవైన సంవత్సరం

ఇప్పటివరకు గడిచిన సంవత్సరాల్లో రోమన్ అంకెల్లో అన్నిటికన్నా పొడవుగా రాయాల్సింది 1888. ఎం-డి-సి-సి-సి-ఎల్-ఎక్స్-ఎక్స్-ఎక్స్-వి-ఐ-ఐ-ఐ. పదమూడు అక్షరాలు. దీన్ని దాటాలంటే 2888 రావాలి, అప్పుడు ఎం ఒకటి పెరిగి పద్నాలుగు అవుతుంది. 3888కి పదిహేను. ఆపైన గీతలూ గుర్తులూ లేకుండా రాయగలిగే సంఖ్య 3999 దగ్గర ఆగిపోతుంది, దానికి తొమ్మిది అక్షరాలే.

1888లో ఏం జరిగిందని పిల్లలు అడిగారు. ఆ జవాబు చెప్పేటప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంవత్సరం సెప్టెంబర్ 5న తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, దేశానికి రాష్ట్రపతిగా పనిచేసిన ఆ ఉపాధ్యాయుడి పుట్టినరోజునే మనం ఉపాధ్యాయ దినోత్సవం చేసుకుంటున్నాం. రాయడానికి అన్నిటికన్నా కష్టమైన సంవత్సరం మన మాస్టారి పుట్టిన సంవత్సరమే అయింది.

పక్క సంవత్సరం 1889కి పదకొండు అక్షరాలు. చార్మినార్ నాలుగు వైపులా గడియారాలు అమర్చింది ఆ ఏడాదే. కట్టడం మాత్రం 1591 నాటిది, ఎం-డి-ఎక్స్-సి-ఐ. చార్మినార్ వయసు చెప్పడానికి ఐదు అక్షరాలు చాలు, దాని మీది గడియారం వయసు చెప్పాలంటే పదకొండు కావాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించిన మూడో సాలార్‌జంగ్ పుట్టిందీ 1889లోనే. ఆయన పేరు చివర మూడు ఐలుంటాయి.

పొట్టివాటి సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. 1000కి ఒక్క ఎం, 2000కి రెండు ఎంలు. 2000లో పుట్టిన పిల్లలది మన జీవితకాలంలో అతి పొట్టి పుట్టిన సంవత్సరం. 1988లో పుట్టినవాళ్లకు పదకొండు అక్షరాలు, ఇరవయ్యో శతాబ్దిలో అదే అతి పొడవు. తెలంగాణ ఏర్పడిన 2014కి ఐదు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956కి ఆరు. మా వరండాలో సినిమాలు కూడా లెక్కలోకి వచ్చాయి. 'ఆదిత్య 369'లోని సంఖ్యకు ఏడు అక్షరాలు, 'కల్కి 2898 ఏడీ'లోని సంవత్సరానికి పన్నెండు. ఆ పన్నెండింటినీ ఒక్క తప్పు లేకుండా రాసింది ఐదో తరగతి అమ్మాయి.

ఏడు అక్షరాలూ ఒక్కొక్కసారే

నాకు అన్నిటికన్నా నచ్చిన వింత ఇది. ఏడు అక్షరాలూ ఒక్కొక్కటి సరిగ్గా ఒక్కసారే వచ్చే సంవత్సరాలు ఎన్ని? ఎం ముందుంటుంది. డి, సిలను రెండు రకాలుగా అమర్చవచ్చు: సి-డి అంటే 400, డి-సి అంటే 600. ఎక్స్, ఎల్‌లతో 40 లేదా 60 వస్తాయి. ఐ, విలతో 4 లేదా 6. రెండు, రెండు, రెండు గుణిస్తే ఎనిమిది. అవి 1444, 1446, 1464, 1466, 1644, 1646, 1664, 1666. ఇంకొకటి లేదు, ఇక రాదు కూడా. వీటిలో 1666 మరీ ముచ్చటైనది. ఎం-డి-సి-ఎల్-ఎక్స్-వి-ఐ, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు బారులు తీరి నిలుచుంటాయి.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటుంది. గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా 1626 నుంచి 1672 దాకా ఏలాడు. ఆ ఎనిమిది సంవత్సరాల్లో చివరి నాలుగూ ఆయన ఒక్కడి పాలనలోనే వచ్చాయి. ఆయన తల్లి హయాత్ బక్షీ బేగం. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని మన్సూరాబాద్ దాటి ముందుకెళితే వచ్చే హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలసిందే. మాసాబ్ ట్యాంక్ పేరులో ఉన్న మా సాహెబా కూడా ఆమే. రోజూ హయత్‌నగర్ బస్సెక్కే పిల్లలకు 1646 అనే సంఖ్య ఇక ఉత్త అంకెల్లా కనిపించదు.

నల్లగొండ దారిలో, అమ్మమ్మ పెట్టెలో

ఆ విజయవాడ రోడ్డు మీదుగానే నల్లగొండ వెళ్తాం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ నాణేల నిధి బయటపడింది. కరీంనగర్ వైపు పెద్దబంకూరులోనూ రోమన్ నాణేలు దొరికాయి. పల్నాడులో వినుకొండ దగ్గర దొరికిన బంగారు నాణేలు తిబేరియస్ చక్రవర్తి నుంచి కారకల్లా దాకా చాలామంది కాలానివి. రోమన్ చక్రవర్తులు తాము ఎన్నోసారి కాన్సుల్ పదవి చేపట్టారో నాణెం మీద సంఖ్య వేయించుకునేవారు. ఆంటోనినస్ పయస్ నాలుగోసారి కాన్సుల్ అయ్యాక వేయించిన నాణేల మీద నాలుగు గీతలే ఉంటాయి, ఐ-వి కాదు. మా గోడ గడియారానికి అంతకన్నా పెద్ద సాక్షి ఎవరు కావాలి?

సరుకులిచ్చి ఆ నాణేలు తీసుకున్న మనవాళ్లు తమ లెక్కలు ఎలా రాసుకున్నారు? జున్నర్ దగ్గరి నానేఘాట్‌లో శాతవాహనుల శాసనం ఉంది. యజ్ఞాల్లో దానమిచ్చిన ఆవుల, కార్షాపణ నాణేల లెక్క అందులో బ్రాహ్మీ అంకెల్లో చెక్కి ఉంది. ఆ అంకెల్లో సున్నా లేదు. పదికి, వందకు, వెయ్యికి వేరువేరు గుర్తులున్నాయి. అంటే సరుకు అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ అప్పటికి సున్నా చేతిలో లేదు. ఆ తర్వాత మన దారి మారింది. పదకొండో శతాబ్దివాడని చెప్పే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చేనాటికి స్థానవిలువతో పెద్ద పెద్ద గుణకారాలు మనకు మామూలు విషయం. ఐరోపాలో ఫిబొనాచ్చి భారతీయుల తొమ్మిది అంకెల గురించీ సున్నా గురించీ పుస్తకం రాసింది 1202లో. ఆ తర్వాత కూడా 1299లో ఫ్లారెన్స్ నగరంలో డబ్బు మార్పిడి వర్తకుల సంఘం తన సభ్యులు ఖాతాల్లో కొత్త అంకెలు వాడకూడదని కట్టడి చేసింది. రోమన్ అంకెల్లో 38ని 47తో గుణించి చూడమని పిల్లలకు ఇచ్చాను. ఐదు నిమిషాలకే సున్నా విలువ వాళ్లకు బాగా అర్థమైంది.

మన పల్లెల్లో రోమన్ అంకెల్ని చేతితో తడిమిన తరం ఇంకొకటి ఉంది. మా అమ్మమ్మ పెట్టెలోంచి వచ్చిన రెండు వెండి రూపాయలు నా దగ్గరున్నాయి. ఒకదాని మీద కిరీటం లేని ఎడ్వర్డ్ తల, పేరు పక్కన వి-ఐ-ఐ. రెండోదాని మీద కిరీటంతో జార్జి, పక్కన వి-ఐ. అరిగిపోయిన అంచు మీద వేలు పెట్టి పిల్లలు "ఏడో ఎడ్వర్డ్, ఆరో జార్జి" అని చదివారు. ఆ రాజుల కాలంలో ఇక్కడ గద్దె మీద ఉన్నవాళ్లకూ అలాంటి సంఖ్యలే ఉండేవి. మహబూబ్ అలీఖాన్ ఆరో ఆసఫ్‌జా, ఉస్మాన్ అలీఖాన్ ఏడో ఆసఫ్‌జా. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన 1911లోనే ఐదో జార్జి బొంబాయిలో దిగాడు. గేట్‌వే ఆఫ్ ఇండియా మీద ఆ సంవత్సరం ఎం-సి-ఎం-ఎక్స్-ఐ అని చెక్కి ఉంటుంది. ముంబయి వెళ్లినవాళ్లు తలెత్తి చూడండి. 1911 జార్జి రూపాయిదీ ఒక కథ ఉంది. రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని జనం మొత్తుకుంటే మరుసటి ఏడాది బొమ్మ దిద్ది కొత్తగా వేశారు.

ఎల్బీనగర్ కోర్టులో యాభై ఒక్క ఆర్డర్లు

రోమన్ అంకెలు ఇప్పుడెవరికి కావాలని అడిగేవాళ్లను ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ప్రాంగణానికి తీసుకెళ్లాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అధ్యాయాల్లాంటి 51 ఆర్డర్లున్నాయి, అన్నిటికీ రోమన్ అంకెలే. స్థలం తగాదా ఉన్న ప్రతి కుటుంబానికీ ఈ సంఖ్యలు తెలియకుండానే తగులుతాయి. మధ్యంతర ఇంజంక్షన్ కావాలంటే 39, అంటే ఎక్స్-ఎక్స్-ఎక్స్-ఐ-ఎక్స్. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ చేసేది 9, ఐ-ఎక్స్. గెలిచాక డిక్రీ అమలుకు 21, ఎక్స్-ఎక్స్-ఐ. ఇందులో 106 రూల్స్ ఉన్నాయి. గెలవడం ఒక ఎత్తు, అమలు చేయించుకోవడం మరొక ఎత్తు అని జనం ఎందుకంటారో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఒకే అక్షరంతో సరిపోయే ఆర్డర్లు నాలుగు: 1, 5, 10, 50. అన్నిటికన్నా పొడవైనది 38, ఏడు అక్షరాలు. తీర్పుకు ముందే అరెస్టు, జప్తు గురించి చెప్పేది అదే. దస్తావేజుల్లో ఇక్కడ ఒక్క ఐ జారిపోతే 37 అవుతుంది, అది పూర్తిగా వేరే రకం దావాలకు సంబంధించినది. రాసేవాళ్లు ఇక్కడ రెండుసార్లు లెక్కపెట్టుకోవడం మంచిది.

రాజ్యాంగంలో భాగాలకూ ఇవే అంకెలు. ప్రాథమిక హక్కులు మూడో భాగం. అన్నిటికన్నా పొడవైన సంఖ్య పద్దెనిమిదో భాగానిది, ఎక్స్-వి-ఐ-ఐ-ఐ, అత్యవసర పరిస్థితి గురించి. స్థానికత, ఉద్యోగాల విషయంలో తెలుగువాళ్లందరి నోటా నలిగిన 371డి అధికరణం ఉన్నది ఎక్స్-ఎక్స్-ఐ భాగంలో.

పిన్ కోడ్‌తో ఒక ఆట

3999 దాటాక ఎలా? రోమన్లు అక్షరం నెత్తిన అడ్డగీత పెట్టేవాళ్లు. గీత పెడితే వెయ్యి రెట్లు. డి మీద గీత పెడితే ఐదు లక్షలు. మన హైదరాబాద్ పిన్ కోడ్‌లు ఐదు లక్షలతోనే మొదలవుతాయి కదా! ఆ సాయంత్రం అందరికన్నా ఎక్కువ గోల చేసిన ఆట ఇదే. హైదరాబాద్ జీపీవో 500001, అంటే గీత పెట్టిన డి, పక్కన ఒక ఐ. రెండే అక్షరాలు. దిల్‌సుఖ్‌నగర్ 500060కి మూడు, వనస్థలిపురం 500070కి నాలుగు, ఎల్బీనగర్ 500074కి ఆరు. మా మన్సూరాబాద్ 500068కి ఏడు: గీతతో డి, ఆపైన ఎల్-ఎక్స్-వి-ఐ-ఐ-ఐ. మన పేటే గెలిచిందని పిల్లలు చప్పట్లు కొట్టారు. మీ కోడ్‌కు ఎన్ని వస్తాయో వేసి చూడండి.

ఇంకొన్ని

వేసవి ఒలింపిక్స్‌లో సంఖ్య నాలుగేళ్ల కాలానికి ఇస్తారు, ఆటలు జరగకపోయినా అది ఖర్చవుతుంది. యుద్ధాల వల్ల 1916, 1940, 1944 ఆటలు లేవు, అయినా ఆరు, పన్నెండు, పదమూడు సంఖ్యలు వాటివే. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచింది ఎక్స్-ఎక్స్-వి-ఐ-ఐలో. బ్యాడ్మింటన్‌లో సైనా నెహ్వాల్ లండన్ కాంస్యం మూడు ఎక్స్‌లలో, పి.వి. సింధు రియో రజతం దానికి ఒక ఐ కలిపితే, టోక్యో కాంస్యం మరో ఐ కలిపితే. ఇప్పటివరకు అతి పొడవు ఆరు అక్షరాలు, 2004 ఏథెన్స్‌కూ 2024 పారిస్‌కూ. ఏడు అక్షరాలు 2044లో వస్తాయి.

పోప్‌లలో అతి పెద్ద సంఖ్య ఇరవై మూడో జాన్‌ది. వింత ఏమిటంటే ఇరవయ్యో జాన్ అనే పోప్ లేడు. జర్మనీలో రాయిస్ వంశం మగపిల్లలందరికీ హైన్రిక్ అనే పేరే పెట్టి సంఖ్యలు వేసుకుంటూ పోయింది. 1848లో గద్దె దిగిన వాళ్ల రాజు డెబ్భై రెండో హైన్రిక్. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్లకు పదమూడు దాకా రోమన్ సంఖ్యలున్నాయి గానీ ఆరో ఫ్యాక్టర్ లేదు. మనకు దగ్గర్లోని కంచన్‌బాగ్ రక్షణ పరిశోధన సంస్థల పేరుతో ముడిపడిన అగ్ని క్షిపణుల్లో ఐదోదాన్ని 2012 ఏప్రిల్ 19న మొదటిసారి పరీక్షించారు. ఇంగ్లిషు పత్రికల్లో దాని పేరు చివర ఉండే అక్షరాన్ని పిల్లలు 'వి' అని చదువుతారు. అది ఐదు అని చెప్పండి.

ఇక మీకో మాట. సెప్టెంబర్ 5న పిల్లలు టీచర్లకు కార్డులు చేసి ఇస్తారు. ఈసారి ఆ కార్డు మీద 1888ని రోమన్ అంకెల్లో వాళ్ల చేతే రాయించండి. పదమూడు అక్షరాలు ఉన్నాయో లేదో పక్కన కూర్చుని లెక్కపెట్టండి. చివర్లో ఒక్క గీత తగ్గినా అది 1887 అయిపోతుంది.